మసూరు గింజ, కండ్లద్దం, లాత్వియా వాళ్ల మాట ఒకటి

అంగట్లో పొట్టు తీయని మసూర్లు ఓ గుప్పెడు తెచ్చుకోండి. బద్దలు కాదు, గోధుమరంగు పొట్టుతో ఉండే గుండు గింజలు. నున్నగా పాలిష్ పట్టిన కడప బండ మీద ఒక గింజను పెట్టి అంచు మీద వేలితో మెల్లగా తట్టండి. అటూ ఇటూ ఊగుతుంది. తిరగేసి పెట్టినా అంతే. రెండు పక్కలా ఉబ్బు, చుట్టూ పలచని అంచు. ఇప్పుడు ఒక బద్దను తీసి, చదును పక్క కిందికి వచ్చేలా పెట్టండి. కదలదు. మొదటిది ద్వికుంభాకార కటకం, రెండోది సమతల కుంభాకార కటకం. బళ్లో బొమ్మలేసి నేర్పే రెండు ఆకారాలూ కిరాణా కొట్లో కిలోల లెక్కన దొరుకుతాయి.

'లెన్స్' అనే మాట పుట్టిందే ఈ గింజ నుంచి. లాటిన్‌లో లెన్స్ అంటే మసూరు గింజ. వృక్షశాస్త్రంలో ఈ మొక్క పేరు ఇప్పటికీ లెన్స్ కులినారిస్. జర్మన్లు పప్పునూ అద్దాన్నీ లిన్సె అనే అంటారు, అరబ్బీలో రెండూ అదస. మన దగ్గర దీన్ని ఎర్ర కందిపప్పు అంటారు, మైసూరు పప్పు అంటారు. అది కందీ కాదు, మైసూరుదీ కాదు. మన కంది గింజ లావుగా గుండ్రంగా ఉంటుంది, ఉలవ చపాగా ఉన్నా ఒక పక్క వంకర. కటకం ఆకారం సరిగ్గా ఉన్నది మసూరుకే.

బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న లాత్వియాలో ఈ మాట ఇంకాస్త రుచిగా ఉంటుంది. వాళ్ల భాషలో లెన్స్‌ను లేత్స అంటారు. ఆ 'త్స' మనకు కొత్త ధ్వనేమీ కాదు. 'చలి', 'చాలు' అనేటప్పుడు మనం పలికే దంత్య చకారమే అది. లేత్స అంటే మసూరు, లేత్స అంటే కటకం. బహువచనం లేత్సస్. లేత్సు జుపా అంటే మసూరు చారు, కొంటాక్త్‌లేత్సస్ అంటే కాంటాక్ట్ లెన్సులు. రెండుచోట్లా ఒకటే మాట, తేడా తెలిసేది సందర్భాన్ని బట్టే.

దీనికి మూడో అర్థం ఒకటుంది, అది నామవాచకం కాదు. లేక్త్ అనే క్రియకు దుముకు, ఎగురు, పైకి లేచు అని అర్థాలు. దాని భూతకాలంలో ప్రథమ పురుష రూపం కూడా లేత్స. 'సౌలె లేత్స' అంటే సూర్యుడు ఉదయించాడు. ఇంకా తెలుగుగా చెప్పాలంటే పొద్దు లేచింది. లాత్వియా లేత్సకూ తెలుగు లేచుకూ చుట్టరికం ఏమీ లేదు. రెండు భాషల కుటుంబాలే వేరు, కాకతాళీయంగా ధ్వనీ అర్థమూ పక్కపక్కన వచ్చాయి. గుర్తు పెట్టుకోవడానికి మాత్రం మనకంటే సులువు ఎవరికీ ఉండదు. ఇంకో మాట దగ్గర జాగ్రత్త. లెంత్సె అని ఉంటే మన చెవికి అచ్చం లెన్స్ లాగే వినబడుతుంది, కానీ అది సంచికో గౌనుకో ఉండే భుజం పట్టీ.

ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని ఒక పూట వంటకానికి అమ్ముకున్న బైబిలు కథలో ఆ వంటకం ఈ మసూరుదే. లాత్వియా వాళ్లు లేత్సు విరుమ్స్ అని ఆ గింజ పేరే ఉంచారు. తెలుగు బైబిల్లో అది చిక్కుడుకాయల వంటకం అయింది. మసూరు మన నేలలో పండే పంట కాదు కాబట్టి చదివేవాడికి తెలిసిన కాయ పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. గింజకూ అద్దానికీ ఉన్న చుట్టరికం మాత్రం మన భాషలోకి రాలేదు.

అయితే మన వైద్యంలో ఆ చుట్టరికం చాలా పాతది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ఏడో అధ్యాయంలో 'దృష్టి' అనే భాగం మసూరదళమాత్రం అని ఉంది, అంటే మసూరు బద్దంత. గింజంత అనలేదు, దళమంత అన్నాడు. దృష్టి అంటే కనుపాపా, లోపలి కటకమా అని పండితులు వాదించుకుంటారు. ఏదైనా గానీ, కంటిలో చూపుకు కీలకమైన చోటును కొలవడానికి ఎంచుకున్న కొలబద్ద మసూరు బద్ద కావడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆ గింజే నిజంగా గాజుదైతే ఎంత పవర్ ఉంటుంది? 6 మి.మీ. వెడల్పు, 2.5 మి.మీ. మందం అనుకుందాం. ఒక్కో పక్క ఉబ్బు 1.25 మి.మీ. సగం వెడల్పు 3 మి.మీ., దాని వర్గం 9. దానికి ఉబ్బు వర్గం 1.56 కలిపి, ఉబ్బుకు రెట్టింపైన 2.5తో భాగిస్తే వక్రతా వ్యాసార్థం సుమారు 4.2 మి.మీ. వక్రీభవన గుణకం, అంటే గాజు వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.5 అయితే నాభ్యంతరం కూడా దాదాపు అంతే, 4.2 మి.మీ. కటకం నుంచి వెలుతురు ఒకచోట చేరే బిందువుకు ఉన్న దూరమే నాభ్యంతరం. పవర్ అంటే 1000ని మి.మీ.లలోని నాభ్యంతరంతో భాగించడమే. కాబట్టి సుమారు 237 డయాప్టర్లు. మందాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే కొంచెం తగ్గి 213 దగ్గర నిలుస్తుంది. భూతద్దంగా వాడితే పవర్‌ను నాలుగుతో భాగించాలి, అంటే వస్తువు 50 రెట్లకు పైగా పెద్దగా కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చి దేశపు లేవెన్‌హుక్ సూక్ష్మజీవులను చూసింది ఇలాంటి చిట్టి గాజు కటకాలతోనే. చిన్నదయ్యేకొద్దీ వంపు ఎక్కువ, వంపు ఎక్కువయ్యేకొద్దీ పవర్ ఎక్కువ.

ఇక మన మాటల సంగతి. కటకం అంటే కడియం, సైన్యం విడిది అని నిఘంటువు అర్థాలు. ఒడిశాలోని కటక్ ఊరి పేరూ అదే. ఆ మాటలో ఆకారం జాడ కనిపించదు. కానీ ముందు చేరే విశేషణాలు బంగారం లాంటివి. కుంభాకారం అంటే కుండలా ఉబ్బినది, పుటాకారం అంటే దొప్పలా లోపలికి పోయినది. వీటిని తారుమారు చేసే పిల్లలకు కుండనూ ఆకుదొప్పనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ఇక మరచిపోరు. చత్వారం అనే మాట కూడా లెక్కతో పుట్టింది. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, ఆ వయసులో వచ్చే దగ్గరి చూపు మందగింపు కాబట్టి చత్వారం. బళ్ళారి వైపు కన్నడంలో చదువుకునే అద్దాలను చాళీసు అంటారు, అదీ నలభై లెక్కే. భూతద్దం సంగతి చెప్పనే అక్కర్లేదు.

లాటిన్ మాటకు ఒక లోటు ఉంది. 13వ శతాబ్దం చివర ఇటలీలో మొదటి కండ్లద్దాలు తయారైనప్పుడు అవన్నీ చత్వారానికి పెట్టే ఉబ్బు అద్దాలే. మసూరు పేరు వాటికి అతికింది. తర్వాత 15వ శతాబ్దంలో దూరపు చూపు ఆనని వాళ్లకు దొప్ప అద్దాలు వచ్చాయి. వాటికీ అదే పేరు అంటించారు, మధ్యలో గుంటపడ్డ మసూరు గింజ ఎక్కడా ఉండదు కదా. లాత్వియా భాష దీన్ని చక్కగా సర్దుకుంది. ఉబ్బు కటకం సవాత్సేయ్‌లేత్స, అంటే పోగుచేసే లేత్స. దొప్ప కటకం ఇజ్‌క్లియెదేతాయ్‌లేత్స, అంటే చెదరగొట్టే లేత్స. మన కేంద్రీకరణ, వికేంద్రీకరణ కటకాలు చెప్పేదీ అదే గానీ, పోగుచేయడం, చెదరగొట్టడం అన్నంత సూటిగా లేవు.

ఇప్పుడు మీ ముఖం మీద ఉన్న అద్దం దగ్గరికి వద్దాం. దాన్ని చూసి కుండా, దొప్పా అని చెప్పడం కష్టం. ఈ కాలపు కండ్లద్దాలన్నీ నెలవంక ఆకారంలోనే ఉంటాయి. ముందు పక్క ఉబ్బు, కంటివైపు గుంట, ప్లస్ అయినా మైనస్ అయినా ఇంతే. కన్ను నేరుగా మధ్యలోంచే చూడదు, పక్కకూ కిందికీ తిరుగుతుంది. మసూరు గింజ లాంటి అద్దంలో అంచులోంచి చూస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. నెలవంకలో ఆ ఇబ్బంది బాగా తగ్గుతుంది. ఇంగ్లండులో వోలాస్టన్ ఇలాంటి అద్దాలకు 1804లో పేటెంటు తీసుకున్నాడు. పవర్‌ను నిర్ణయించేది రెండు వంపుల తేడా. ముందు వంపు ఎక్కువైతే ప్లస్, వెనక వంపు ఎక్కువైతే మైనస్.

కనుక్కోవడానికి మొదటి దారి వేళ్లతో. అద్దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మధ్య నుంచి అంచుకు జరపండి. మధ్యలో మందం ఉంటే ప్లస్, అంచులో మందం ఉంటే మైనస్. పవర్ ఒకటి లోపల ఉంటే వేళ్లకు తెలియదు. అప్పుడు కిటికీ ఊచలు పనికొస్తాయి. అద్దాన్ని కంటికి ఓ జానెడు దూరంలో పట్టుకుని, అడ్డ ఊచా నిలువు ఊచా కలిసే చోటును దాంట్లోంచి చూస్తూ అద్దాన్ని పక్కలకు జరపండి. ఊచ అద్దంతో పాటే జరిగితే మైనస్, ఎదురు జరిగితే ప్లస్. అసలు కదలకపోతే పవర్ లేదు. ప్లస్ ఐదు దాటిన అద్దమైతే బొమ్మ తలకిందులై కనిపించవచ్చు, అప్పుడు అద్దాన్ని కంటికి ఇంకా దగ్గరగా తెచ్చి చూడాలి.

తర్వాత అద్దాన్ని గడియారం ముల్లు తిరిగినట్టు మెల్లగా తిప్పండి. కూడలిలోని రెండు గీతలూ కత్తెర కాళ్లలా దగ్గరకూ దూరానికీ జరిగితే దాంట్లో సిలిండర్ ఉన్నట్టు, అంటే ఒక దిక్కున ఒక పవర్, దానికి అడ్డంగా ఇంకో పవర్. ఎంత తిప్పినా ప్లస్ గుర్తులాగే నిలిచి ఉంటే లేనట్టు. అద్దాల అంగడిలో లెన్సోమీటర్ రెండు నిమిషాల్లో అంకెలతో సహా చెప్పేస్తుంది నిజమే. కానీ చీటీలో మైనస్ అని ఉంటే ప్లస్ అద్దం బిగించడం, కుడిదీ ఎడమదీ మార్చేయడం లాంటి తప్పులను ఈ ఊచల పరీక్షే ఇంట్లో పట్టిస్తుంది. కొత్త అద్దం చేతికి రాగానే ఇది చేయాలని నేను గట్టిగా చెబుతాను.

అంకె కావాలంటే సూర్యుడు ఉన్నాడు. మా అనంతపురంలో ఏడాదిలో చాలా రోజులు ఎండకు కరువు లేదు కాబట్టి ఈ పద్ధతి మనకే బాగా కుదురుతుంది. ప్లస్ అద్దాన్ని ఎండకు ఎదురుగా పట్టి, కింద తెల్లకాగితం ఉంచి, వెలుతురు మచ్చ అతి చిన్నదయ్యే దాకా అద్దాన్ని పైకీ కిందికీ జరపండి. అద్దానికీ కాగితానికీ మధ్య దూరం 50 సెం.మీ. ఉంటే ప్లస్ 2.00, మీటరు ఉంటే ప్లస్ 1.00, 33 సెం.మీ. ఉంటే ప్లస్ 3.00. దూరాన్ని మీటర్లలో రాసి ఒకటిని దానితో భాగించడమే. పవర్‌కు డయాప్టర్ అనే పేరును 1872లో మొనోయే అనే ఫ్రెంచి కంటి వైద్యుడు ప్రతిపాదించాడు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మచ్చ సూదిమొనంత కావాలని చూస్తూ ఉంటారు. అది కాదు. ఆ మచ్చ సూర్యుడి బొమ్మ, దూరంలో సుమారు నూట ఏడో వంతు ఉండి తీరుతుంది. 50 సెం.మీ. దగ్గర దాదాపు 5 మి.మీ. అన్నమాట, అర్ధమీటరు దూరాన ఒక మసూరు గింజంత. అంతకంటే చిన్నది కాదు, దాని కోసం వెతుకుతూ దూరం తప్పు కొలుస్తారు.

అద్దంలోంచి సూర్యుణ్ణి చూడకూడదని వేరే చెప్పనక్కర్లేదు. భూతద్దాన్ని కిటికీలో ఎండ పడే చోట వదిలేయకండి. కింద శెనక్కాయ పొట్టు గానీ ఎండు కట్టె గానీ ఉంటే పొగ రావడానికి ఎక్కువసేపు పట్టదు.

మైనస్ అద్దం మచ్చను ఇవ్వదు, చెదరగొడుతుంది. దాన్నీ ఎండతోనే కొలవచ్చు. నల్లకాగితంలో సరిగ్గా 2 సెం.మీ. వెడల్పున గుండ్రటి రంధ్రం కోసి అద్దానికి ఆనించి, రంధ్రం అద్దం మధ్యకు వచ్చేలా పట్టుకోండి. కింద తెల్లకాగితం మీద వెలుతురు వలయం పడుతుంది. కాగితాన్ని దూరం చేసేకొద్దీ వలయం పెరుగుతుంది. అది సరిగ్గా రెట్టింపు, అంటే 4 సెం.మీ. అయ్యే దూరమే నాభ్యంతరం. అర్ధమీటరు దగ్గర రెట్టింపైతే మైనస్ 2.00. వలయం అంచు మసకగా ఉంటుంది, ఆ మసక నడిమధ్యకు కొలవాలి. సిలిండర్ ఉన్న అద్దానికి వలయం కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది.

సిలిండర్ గురించి మరో ముఖ్యమైన సంగతి. అది ఏ కోణంలో నిలవాలో చెప్పే అంకెను యాక్సిస్ అంటారు. ఒక చోట చీటీలో మైనస్ 2.00, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 180 అని రాస్తారు. ఇంకో చోట మైనస్ 2.75, సిలిండర్ ప్లస్ 0.75, యాక్సిస్ 90 అని రాస్తారు. నంబర్ మారిపోయిందని, ఎవరో ఒకరు తప్పు చేశారని గాభరా పడతారు. రెండూ ఒకటే అద్దం. మొదటి రెండు అంకెలూ కలిపితే కొత్త మొదటి అంకె, సిలిండర్ గుర్తు తిరగబడుతుంది, యాక్సిస్ 90 డిగ్రీలు జరుగుతుంది. ఈ లెక్క వేసి చూసుకున్నాకే ఎవరినైనా అడగండి.

యాక్సిస్ తప్పితే జరిగే నష్టం చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. 5 డిగ్రీలు తిరిగితే సిలిండర్ పవర్‌లో 17 శాతం తప్పు మిగులుతుంది. 10 డిగ్రీలకు 35 శాతం. 30 డిగ్రీలు తిరిగితే సిలిండర్ ఎంత ఉందో అంత తప్పూ కంటికి అంటుకుంటుంది, అంటే దిద్దడం వల్ల వచ్చిన లాభం సున్నా. గుండ్రటి ఫ్రేములో స్క్రూ వదులైతే అద్దం దానంతట అదే తిరుగుతుంది. నెల కిందట బాగున్న అద్దం ఇప్పుడు మసకేస్తోందంటే కంటి పరీక్ష కంటే ముందు స్క్రూ చూడండి, ఆ తర్వాత చెవి కాడలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. ఫ్రేమును కడప బండ మీద బోర్లా పెడితే వంకర వెంటనే తెలుస్తుంది.

మైనస్ ఎక్కువ ఉన్నవాళ్లు అద్దం లావు తగ్గాలని ఖరీదైన హై ఇండెక్స్, అంటే గుణకం ఎక్కువున్న అద్దం అడుగుతారు. అడిగే ముందు ఫ్రేము కాడ లోపలివైపు చూడండి. 52, 18, 140 అని అంకెలుంటాయి. అద్దం వెడల్పు, ముక్కు మీది వంతెన, కాడ పొడవు, అన్నీ మి.మీ.లలో. మొదటి రెండూ కలిపితే 70. మీ రెండు కనుపాపల మధ్య దూరం, దాన్నే పీడీ అంటారు, 62 అనుకుందాం. తేడా 8, ఒక్కో పక్కకు 4. అద్దం కేంద్రాన్ని ముక్కు వైపు 4 మి.మీ. జరపాలి, దాంతో చెవి వైపు అంచు కేంద్రం నుంచి 26కు బదులు 30 మి.మీ. దూరం పోతుంది.

అంచు మందం ఎంత పెరుగుతుందో ఉజ్జాయింపు లెక్క చాలా తేలిక. దూరాన్ని దాంతోనే గుణించి, పవర్‌తో గుణించి, 2000తో భాగించి, ఆ వచ్చినదాన్ని గుణకంలోంచి ఒకటి తీసేయగా మిగిలినదానితో భాగించాలి. మైనస్ 6.00కు మామూలు 1.5 గుణకం అద్దంలో 5.4 మి.మీ. వస్తుంది. మధ్య మందం 2 మి.మీ. కలిపితే అంచు 7.4. అదే అద్దాన్ని 46, 18 అంకెల ఫ్రేములో బిగిస్తే కేంద్రం జరిగేది 1 మి.మీ. మాత్రమే, అంచు దూరం 24. పెరిగే మందం 3.5 లోపే, మధ్య మందంతో కలిపి 5.5. పెద్ద ఫ్రేములో 1.67 హై ఇండెక్స్ వేసి, మధ్యలో 1.5 మి.మీ. దాకా పలచన చేసినా అంచు వచ్చేది అదే 5.5. నాలుగు వేళ్ల వెడల్పు ఫ్రేములు ఫ్యాషన్ కావచ్చు గానీ, మైనస్ ఆరు ఉన్నవాళ్లు చిన్న ఫ్రేము తీసుకుంటే మామూలు అద్దంతోనే సోడాబుడ్డి తప్పుతుంది. డబ్బు మిగులుతుంది, బరువూ తగ్గుతుంది.

పీడీ కొలవకుండా అద్దాలు చేయించుకోవద్దు. 62 ఉన్న మనిషికి 66 దగ్గర కేంద్రాలు పడితే మైనస్ 6.00లో రెండు కళ్లకూ కలిపి 2.4 ప్రిజం తగులుతుంది. 1 మీటరు దూరాన 2.4 సెం.మీ. పక్కకు జరిగిన బొమ్మను కళ్లు రోజంతా లాక్కుని కలపాలి. సాయంత్రానికి తలనొప్పి, చదివేటప్పుడు వరుస తప్పడం దీని గుర్తులు. నంబరు సరిగ్గానే ఉంది, అలవాటు పడతారు అని పంపేస్తే ఒప్పుకోకండి, కేంద్రాల మధ్య దూరం కొలిచి చూపమనండి.

చత్వారపు అద్దంలో 40 సెం.మీ. దూరాన చదవడానికి కావలసింది మొత్తం 2.50. నలభై, నలభై రెండేళ్లకు ప్లస్ 1.00 చాలు, ఎందుకంటే మిగతా పని కంటి లోపలి కటకం ఇంకా చేస్తూనే ఉంటుంది. యాభైకి 2.00 దగ్గర, అరవై దాటాక 2.50 దగ్గర ఆగుతుంది. వయసు డెబ్బై అయినంత మాత్రాన 4.00 పెట్టుకోకూడదు, అప్పుడు పేపరును ముక్కుకు ఆనించి చదవాల్సి వస్తుంది. దర్జీ పని, నగల పని చేసేవాళ్ల దూరం వేరు. వాళ్లు తాము పనిచేసే దూరాన్ని టేపుతో కొలిచి ఆ అంకె డాక్టరుకు చెప్పాలి.

అంగళ్లలో ఫైబర్ అనే అద్దం అసలు పేరు సీఆర్-39. 1940లో తయారైన ప్లాస్టిక్, కొలంబియా రెజిన్ వరుసలో 39వ మిశ్రమం. గుణకం సుమారు 1.5. గాజుకు 1.52, పాలీకార్బొనేట్‌కు 1.59. వజ్రకరూరులో తొలకరి వానలకు జనం వెతికే వజ్రానికి 2.42, ఆ తళుకు అంతా అందులోనే ఉంది. పిల్లలకు, బండి నడిపేవాళ్లకు పాలీకార్బొనేట్ మంచిది, పగిలి కంట్లో గుచ్చుకోదు. అయితే దాంట్లో అంచుల్లో రంగులు ఎక్కువ చీలతాయి, గీతలూ త్వరగా పడతాయి.

గీతల సంగతికి వస్తే మన సీమ దుమ్ములో ఇసుక రేణువులున్నాయి, క్వార్ట్జ్ ఏ ప్లాస్టిక్ కంటే అయినా గట్టిది. చొక్కా కొంగుతో పొడిగా తుడిస్తే బేతంచెర్ల బండకు కార్బొరండం పొడి వేసి అరగదీసినట్టే. ముందు నీళ్లు పోసి దుమ్ము జార్చండి, తర్వాత ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేళ్లతో రాసి కడగండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అలాగే ఆరనిస్తే తెల్లచుక్కలు గట్టిపడతాయి. చివరి కడుగు ఫిల్టరు నీళ్లతో చేసి మెత్తని నూలుగుడ్డతో వెంటనే అద్దాలి. మే నెలలో మూసిన కారు డాష్‌బోర్డు మీద అద్దాలు వదిలేస్తే ప్లాస్టిక్ సాగుతుంది, పైనున్న యాంటీ రిఫ్లెక్షన్ పొర అంత సాగదు. సాలెగూడు లాంటి చీలికలు వస్తాయి. అది గీత కాదు, తుడిస్తే పోదు, ఆ అద్దం మార్చాల్సిందే. వేడినీళ్లతో కడిగినా ఇదే గతి.

ఇక మొదటి లేత్స, కంటి లోపలిది. కంటికున్న మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు. అందులో 43 దాకా ముందున్న నల్లగుడ్డు మీది పారదర్శక పొరదే, కటకానిది 20 దగ్గర. వెడల్పు 9 మి.మీ. పైన, మందం 4 మి.మీ. పైన. ఆకారం చూస్తే మసూరే, కాకపోతే వెనక పక్క ఉబ్బు ముందు పక్క కంటే ఎక్కువ. అది తెల్లబారితే శుక్లం. సుశ్రుతుడి కాలపు పద్ధతిలో దాన్ని సూదితో చూపు దారిలోంచి పక్కకు నెట్టేవాళ్లు. తర్వాతి రోజుల్లో తీసేసేవాళ్లు. రెండింటిలోనూ కంట్లో కటకం లేనట్టే, ప్లస్ 10, 12 సోడాబుడ్డి అద్దాలు పెడితే గానీ చూపు ఆనేది కాదు. వాటిలో బొమ్మ పాతిక శాతం పైగా పెద్దగా కనిపించేది. చెంబు పట్టుకోబోతే చేయి తప్పేది.

1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో ప్లాస్టిక్ కటకం పెట్టాడు. యుద్ధవిమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని తిరస్కరించలేదని గమనించి అదే పదార్థాన్ని ఎంచుకున్నాడు. ఇప్పుడు వేసే కటకం చూపు భాగం 6 మి.మీ. వెడల్పు, మడతపెట్టి 3 మి.మీ. లోపు కోతలోంచి లోపలికి పంపి విప్పుతారు. పవర్ అందరికీ ఒకటి కాదు, కంటి పొడవునూ ముందు పొర వంపునూ కొలిచి నిర్ణయిస్తారు. పొడవు కొలతలో 1 మి.మీ. తేడా వస్తే చూపులో రెండున్నర డయాప్టర్ల దాకా తప్పు వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కొలతకు ముందు వాటిని కొన్ని రోజులు తీసేయాలని డాక్టర్లు చెప్పేది అందుకే, లేకపోతే వంపు కొలత తప్పుతుంది.

కాంటాక్ట్ లెన్సుల నంబరు కూడా కండ్లద్దాల చీటీలోది కాదు. అద్దం కంటికి 12 మి.మీ. ముందు ఉంటుంది, కాంటాక్ట్ లెన్స్ కంటినే అంటుకుంటుంది. అందుకే మైనస్ 6.00 అద్దం వాడే కంటికి సుమారు మైనస్ 5.60 చాలు. నాలుగు లోపు ఉన్నవాళ్లకు ఈ తేడా లెక్కలోకి రాదు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు ఏవీ వాటికి తగలకూడదు, నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటి పొరను తినేస్తుంది. డబ్బీలో నిన్నటి ద్రవం పారబోసి, కొత్త ద్రవంతోనే డబ్బీని కడిగి బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకు డబ్బీ మార్చండి.

శుక్లం ఆపరేషన్ అయ్యాక కటకం పేరు, పవర్, వరుస సంఖ్య ఉన్న స్టిక్కరుతో ఒక కార్డు ఇస్తారు. దాన్ని రేషన్ కార్డుతో పాటు దాచండి, రెండో కంటికి ఆపరేషన్ వేళ డాక్టరు మొదట అడిగేది అదే. కొత్త అద్దాలకు తొందరపడకండి. గాయం కుదుటపడి వంపు నిలకడ కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ తర్వాత పరీక్ష చేయించుకుంటేనే నంబరు నిలుస్తుంది.